మాస్కు వెనక పిల్ల

లక్ష్మీనరసమ్మ ట్రంకు పెట్టె మీద ఎక్కి కూర్చుని మూడు గంటలు దాటింది.

మోకాళ్ళ నొప్పులని గుళ్ళో కూడా కుర్చీ అడిగే మనిషి. ఇవాళ పొద్దున్న తొమ్మిదింటికి ఆ రేకు పెట్టె ఎక్కి, టీ అక్కడికే తెప్పించుకుని తాగి, ఖాళీ గ్లాసు పక్కన పెట్టుకుని మరీ కూర్చుంది. తాళం మీదికి చీర కుచ్చిళ్ళు జార్చింది. ఇక దాన్ని ముట్టుకోవాలంటే ముందు ఆవిడని ముట్టుకోవాలి.

పెట్టెలో ఇంటి లిస్టు ఉంది. ఈ ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ఏ రోజున పుట్టారు అన్నది సర్కారు ముద్రతో రాసి ఉన్న కాగితం. సాయంత్రం నాలుగింటిలోపు దాన్ని వార్డు ఆఫీసుకు తీసుకెళ్ళాలి.

"లెగు మామ్మా. ప్లీజ్," అంది దేవి, ఎదురుగా నేల మీద మోకాళ్ళూని.

"నాను లెగను."

"బాత్రూముకైనా ఎల్తావు కదా?"

"ఎల్లను. మీ తాత సుట్ట మానతానని ఒట్టేసేదాకా మూడు రోజులు మెట్టు మీద కూకున్నదాన్ని. నువ్వేటి నా ముందు?"

దేవి తండ్రి లోకనాథం గుమ్మంలో నిలబడి గొడుగు విప్పుతున్నాడు, మళ్ళీ ముడుస్తున్నాడు. ఐసు ఫ్యాక్టరీలో అతని షిఫ్టు ఒంటిగంటకి. బయట వాన సన్నగా, ఆగకుండా పడుతోంది.

"అమ్మా, ఆ గుంట ఏడుస్తాది. లెగమ్మా."

"ఏడవనీరా. ఏడిసే గుంట బతికుంటాది."

వంటగదిలో కోడలు సుధామణి కత్తిపీట మీద బీరకాయ ముక్కలు కోస్తున్న చప్పుడు ఆగింది.

మొన్న సాయంత్రం మొదలైంది ఇదంతా. దేవి ఐస్ హాకీ జట్టు కోచ్, పిల్లలందరూ సయామ అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసి ఒక్కటే మాట అడిగింది. "థందార్‌కి పద్దెనిమిది దాటి ఎనిమిది నెలలు కదా. జూనియర్ లీగులో ఎలా ఆడుతుంది?"

థందార్ అంటే దేవే. బడిలో, మంచు మీద, పాస్‌పోర్టులో ఆ పేరే. ఇంట్లో దేవి. యాంగోన్‌లో, పాతవాళ్ళ మాటలో రంగంలో, తెలుగువాళ్ళకి ఇంటికొక పేరు, కాగితానికొక పేరు ఉండడం మామూలే. కానీ కాగితంలో ఉన్న ఆ థందార్ దేవి కాదు. దేవికి మొన్న శ్రావణంలోనే పదహారు నిండాయి.

దేవి కన్నా ముందు సుధామణికి ఒక కూతురు పుట్టింది. సూర్యావతి. సూరి అని పిలుచుకునేవాళ్ళు. శుక్రవారం పుట్టింది కాబట్టి బర్మా వాళ్ళ వారాల లెక్క ప్రకారం కాగితాల్లో థందార్ అని రాయించారు. నర్గీసు తుపాను వెళ్ళిన పన్నెండో రోజున, పదహారు నెలల వయసులో, వాంతులు విరేచనాలతో పోయింది. మరుసటేడు దేవి పుట్టింది. లక్ష్మీనరసమ్మ లిస్టులో చచ్చిన పేరు కొట్టేయించలేదు, పుట్టిన పేరు రాయించలేదు. కొత్తగా వచ్చిన పిల్లని పాత పేరు కింద దాచేసింది.

ఈ సంగతి దేవికి మొన్నటిదాకా తెలీదు. తండ్రి చెప్పాడు. చెప్పేటప్పుడు గోడ వైపు తిరిగి చెప్పాడు.

"మామ్మా, ఇనుకో," అంది దేవి ఇప్పుడు, కోపం మింగి. "ఈ లీగు ఏ సర్కారుదీ కాదు, ఏ సంఘానిదీ కాదు. నాలుగూళ్ళ రింకులోళ్ళు కలిసి సొంతంగా పెట్టుకున్నారు. పద్దెనిమిది లోపలోళ్ళకే. పన్నెండో తారీఖున బ్యాంకాక్‌లో మొదలు. పాస్‌పోర్టు ఏ పేరున ఉన్నా ఆళ్ళకి పరవాలేదు, వయసుకి సీలున్న కాగితం ఒకటి చాలు. సాయంత్రం లోపల ఫోటో తీసి పంపాల. ఇంకో గోల్‌కీపర్ పిల్ల కాలిరిగి పడుంది. నాను ఎల్లకపోతే పదిమందీ ఆగిపోతారు."

"ఆగిపోనీ. మంచు మీద కర్రలట్టుకుని కొట్టుకునే ఆటేటి ఆడపిల్లకి? మొకానికి ఆ ఇనప జల్లెడేటి?"

"అది మాస్కు."

"మాస్కో, జల్లెడో. యముడికి మొకం సూపించకుండా నాను నిన్ను పదారేళ్ళు దాసినాను. నువ్విప్పుడెల్లి, నాను ఆ పిల్లని కాదు, ఇంకో పిల్లని, ఇదిగో నా పుట్టినరోజు అని సీలేయించుకొస్తావా? ఒకసారి వొచ్చి అట్టుకుపోయిన పేరు కోసం ఆడు మళ్ళీ రాడు. అందుకే ఆ పేరు కింద ఎట్టినాను నిన్ను. రంగంలో ఎంతమంది పిల్లలు సచ్చిపోయినారో ఆ తుపాను ఏడు!"

"యముడు పాస్‌పోర్టు సూస్తాడేటి మామ్మా?"

లోకనాథం నవ్వబోయి తల్లి మొహం చూసి దగ్గాడు.

"నవ్వరా, నవ్వు. కన్నదాన్ని అడగండి ముందు. దాని నోట్లోంచి ఒక్క మాట వొచ్చిందేటి రెండు రోజులుగా?"

ముగ్గురూ వంటగది వైపు చూశారు. సుధామణి కత్తిపీట పక్కకి వాల్చి, తొక్కలు తీసి బుట్టలో వేసింది. నడుముకు లుంగీలా చుట్టుకున్న తమేన్‌కి చేతులు తుడుచుకుంది. ఆమె బీరకాయలు కడగడానికి నీళ్ళ కోసం బిందె వంచింది. బిందె అడుగంటింది.

లోకనాథం ఆమె పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "ఆఫీసోళ్ళు కన్నతల్లి మాటే రాసుకుంటారంట. సంతకం నీది. నాను ఎట్టమని అనను, ఒద్దనీ అనను. కానీ సుదామణీ, పద్దెనిమిది దాటినోళ్ళని మిలట్రీలోకి పట్టుకుపోతన్నారు, ఆ వయసున్న పేరు ఈ ఊళ్ళో ఇప్పుడు బరువే. ఆటకోసం కాపోయినా, అది కూడా సూసుకో."

"బువ్వ తినేసి ఎల్లు," అంది సుధామణి.

రెండు రోజుల్లో ఆమె అతనితో అన్న మొదటి మాట అది. అతను తినలేదు. గొడుగు విప్పి వానలోకి దిగిపోయాడు.

*

ఒంటిగంట దాటి పది నిమిషాలకి వీధి చివర ఎవరో పిల్లాడు అరిచాడు.

"మీ లా బీ!"

కరెంటొచ్చింది. ఆ కేక ఇంటింటికీ అందుకుంటూ వచ్చింది. రెండు రోజులుగా చుక్క కరెంటు లేదు. తాకేటా పేటలో ఆ వీధి మొత్తం ఒకే పైపు మీద బతుకుతుంది. ఎవరి మోటారు ముందు తిరిగితే వాళ్ళకి నీళ్ళు. వెనకబడ్డవాళ్ళకి గాలి.

లక్ష్మీనరసమ్మ లేచింది.

ఆలోచించి లేచింది కాదు. ఇరవై ఏళ్ళుగా ఆ మోటారు స్విచ్ ఆవిడది. ఇంకొకరు వేస్తే కాలిపోతుందని ఎవరినీ ముట్టుకోనివ్వదు. మోకాళ్ళు మరిచిపోయింది, పంతం మరిచిపోయింది. "బిందెలెట్టండే! ఆ డ్రమ్ము మూత తియ్యండే!" అని అరుచుకుంటూ పెరటి తలుపు దాకా పరిగెత్తింది. స్విచ్ వేసి, మోటారు గుర్రుమని తిరిగి, పైపులో నీళ్ళు దూకిన తరవాత గానీ ఆవిడ చెయ్యి నోటి మీదికి వెళ్ళలేదు.

"ఓలమ్మో! ఈ గుంట నా కొంప ముంచీసినాది!"

అప్పటికి దేవి పెట్టె తెరిచేసింది.

"నానేం సెయ్యలేదు మామ్మా. నువ్వే గోలు ఒదిలేసి బయటికొచ్చీసినావు," అంది. రెండు రోజుల్లో ఆ పిల్ల మొహాన నవ్వు కనిపించడం అదే.

పెట్టెలో పైన పట్టు చీర, దాని కింద ఇంటి లిస్టు. దాని కింద పసుపు బట్టలో చుట్టిన చిన్న పొట్లం. లక్ష్మీనరసమ్మ రొప్పుకుంటూ వచ్చి ఆ పొట్లం లాక్కుంది.

"లిస్టు తీసుకుపోతే పోండి. దీని జోలికి రాకండి. ఇది నీ ఆస్పటల్ సీటీ. నువ్వు పుట్టిన రోజు ఇచ్చినాది. పేరెట్టిన నాడు ఆ పెద్దదాని గాజులు, గౌను, దాని సీటీ మూట కట్టి పజుండాం క్రీకులో ఒదిలీసొచ్చినాను. నీది దాసినాను. శుక్రవారం శుక్రవారం దీనికి పసుపెట్టి, ఈ పేనం సల్లగుండాలని దండమెట్టుకుంటన్నాను. పదారేళ్ళు."

"చీటీ ఉందేటి?" దేవి కళ్ళు మెరిశాయి. "మరి అదే కదా కావాల్సింది! అందులో నా డేట్ ఉంటాది కదా. ఇయ్యి మామ్మా."

ముసలమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. తరవాత పొట్లం తనే విప్పి, మనవరాలికి కాకుండా కోడలి చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో బర్మీసు అక్షరాలు తడుముకోకుండా చదివేది సుధామణే.

చీటీ నాలుగు మడతల మీద చిరిగి, పసుపుతో బిరుసెక్కి ఉంది. సుధామణి కిటికీ వెలుగులో పట్టుకుంది.

ఆడపిల్ల. శుక్రవారం. తెల్లవారుజామున నాలుగూ పది. ఆరు పౌన్ల నాలుగు ఔన్సులు.

ఆమె మళ్ళీ చదివింది. దేవి మంగళవారం పుట్టింది, మిట్టమధ్యాహ్నం. ఏడు పౌన్లు.

ఆరు పౌన్ల నాలుగు ఔన్సులు. ఆ బరువు చేతుల్లో ఎలా ఉంటుందో సుధామణికి తెలుసు. తల ఎడమ మోచేతి మీద పెట్టుకుంటే మడమలు కుడి అరచేతి దాకా వచ్చేవి కావు.

"ఏటే? సదువు," అంది లక్ష్మీనరసమ్మ.

సుధామణి చీటీ వెనక్కి తిప్పి చూసింది.

"ఏటి రాసుందే కోడలా?"

"సూరిది అత్తా ఇది," అంది సుధామణి. "క్రీకులో ఒదిలింది దేవిది."

మోటారు ఒక్కటే చప్పుడు చేస్తోంది. డ్రమ్ము నిండి నీళ్ళు పెరట్లోకి పొర్లుతున్నాయి. దాన్ని ఆపడానికి ఎవరూ కదలలేదు. లక్ష్మీనరసమ్మ పసుపు అంటిన వేళ్ళు చూసుకుంది. మెల్లగా వెళ్ళి, ఏ పెట్టె మీద నుంచి తనని ఎవరూ దించలేరని పొద్దున్న పంతం పట్టిందో ఆ పెట్టె పక్కనే నేల మీద కూలబడింది.

"మరి నాను ఇన్నాళ్ళూ..." అంది.

దేవి ఆవిడ పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది. "యాదే మామ్మా, పరవాలేదు," అంది సగం బర్మీసులో. "నాను బతికే ఉన్నాను కదా. నీ దండం ఎవరికెట్టినా నాకే తగిలింది."

ముసలమ్మ ఆ మాటకి ఏడ్చింది. ఏడుపు మధ్యలోనే కోడలి వైపు చూసి, "ఎల్లు. ఎల్లి రాయించీ. ఆ యముడొస్తే నాను సెప్పుకుంటాను," అంది.

సుధామణి చీటీ మడిచి జాకెట్టులో పెట్టుకుంది. మోటారు ఆపింది. గొడుగు తీసింది.

*

సైకా రిక్షాలో తల్లీకూతుళ్ళు ఒకరి వీపు ఒకరికి ఆనించి కూర్చోవాలి. ఒకరు ముందుకి చూస్తే ఒకరు వెనక్కి చూస్తారు. మొహాలు కనబడవు. సుధామణికి అది మేలనిపించింది.

దారి పొడుగునా నీళ్ళే. ఐసు ఫ్యాక్టరీ గేటు దాటుతుంటే ఐసు మీద కప్పే పొట్టు వాసన, చేపల వాసన కలిసి వచ్చాయి. దేవి ఆట నేర్చింది నిజానికి ఇక్కడే. నాన్నకి క్యారేజీ తెచ్చే ఐదేళ్ళ పిల్ల, జారుబల్ల మీదినుంచి ఐసు దిమ్మలు దూసుకొస్తుంటే అడ్డంగా నిలబడి, చిన్న ముక్కల్ని కాలితో ఆపేది. తిట్టినా వినేది కాదు. తరవాత బజారు మాల్‌లో రింకు పెట్టినప్పుడు మిషను పాడైతే లోకనాథాన్నే పిలిచేవాళ్ళు. ఆయన వెంట వెళ్ళిన పిల్ల అక్కడే ఉండిపోయింది. ఎవరో విదేశీ పిల్లలు వదిలేసి వెళ్ళిన కాళ్ళ పట్టీలు, ఎవరిదో పాత మాస్కు. ఇంట్లో ఓ మూల ఎప్పుడూ ఆరని ఆ చెమట వాసన.

"అమ్మా," అంది వెనక నుంచి దేవి. "సూరి ఎలాగుండేది?"

రిక్షా అతను గుంట తప్పించడానికి దిగి తోశాడు.

"నీకన్నా నలుపు. నవ్వితే ఒక్క బుగ్గే సొట్టపడేది. నడక వొచ్చిన వారానికే తుపానొచ్చింది."

"ఇంకా?"

"నీళ్ళు లేవు ఆ రోజుల్లో. మీ నాన్న ఫ్యాక్టరీలో కరిగిపోగా మిగిలిన ఐసు ముక్క తెచ్చి, కరగబెట్టి తాగించినాడు. అది చేపల ఐసని అప్పుడు తోచలేదు. దాంతోనే పోయిందని మీ నాన్నకి ఇప్పటికీ లోపల. నాకలాగ లేదు. నీళ్ళు ఏవైనా అలాగే ఉన్నాయప్పుడు."

దేవి వీపు కదిలింది. ఏడుస్తోందేమో. సుధామణి వెనక్కి తిరగలేదు. తిరిగితే తాను చెప్పాలనుకున్నది చెప్పలేననిపించింది.

"నువ్వు బడిలో చేరినప్పుడు కాగితంలో వయసు ఎక్కువుందని టీచరు అంది. మార్పించమంది. నాను మార్పించలేదు. మీ మామ్మకి బయపడి కాదు. ఆ కాగితంలో అది పెరుగుతోంది దేవీ. ఏడేళ్ళు, పదేళ్ళు, పదిహేను. ఫారం నింపినప్పుడల్లా దాని వయసు రాసేదాన్ని. ఇంకెక్కడా దాని వయసు ఎవరూ అడగరు కదా."

వాన గొడుగు మీద గట్టిగా పడింది.

ఒకే ఒక్కసారి ఆమె రింకుకి వెళ్ళింది. పోయిన చలికాలం. అద్దం అవతల మంచు మీద, ఆకారం తెలియని బట్టల్లో, మాస్కు వేసుకుని ఒక పిల్ల గోలు ముందు వంగి నిలబడి ఉంది. నల్ల రబ్బరు బిళ్ళ దూసుకొచ్చినప్పుడల్లా కాలు అడ్డంగా చాచి ఆపుతోంది. వీపు మీద థందార్ అని రాసి ఉంది. "థందార్! థందార్!" అని పిల్లలు అరుస్తున్నారు. సుధామణి అద్దానికి చెయ్యి ఆనించి నిలబడింది. ఆ మాస్కు వెనక ఎవరైనా ఉండొచ్చు. ఆ గంటసేపు ఆమె అది ఎవరో తేల్చుకోలేదు. తేల్చుకోవాలనీ అనుకోలేదు. ఆట అయ్యాక పిల్ల మాస్కు తీసి, చెమటతో తడిసిన మొహంతో నవ్వుతూ వచ్చి, "అమ్మా, సూసినావా?" అన్నప్పుడు, ఆ మొహం దేవిదే అయినందుకు గుండెలో ఏదో చిన్నగా జారింది. ఆ క్షణానికి ఆమె తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు. అప్పటి నుంచి మళ్ళీ రింకుకి వెళ్ళలేదు.

"అయితే అమ్మా," అంది దేవి, గొంతు సవరించుకుని, "నాను ఆపిన గోల్సన్నీ దాని పేరన పడ్డాయి కదా."

సుధామణి గొడుగు వెనక్కి, కూతురి మీదికి వాల్చింది.

"కోపంగా అడగట్లేదు. ఊరికే అడిగినాను. ఇక్కడ మన రింకు మల్టీప్లెక్సు హాలంత. అందులో సగం కరెంటు లేక నీళ్ళు. అక్కడ బ్యాంకాక్‌లో అరవై మీటర్లంట అమ్మా, ఈ చివర నుంచి సూస్తే ఆ చివర గోల్‌కీపర్ ఇంత కనబడుతుందంట. కరెంటు పోదంట. నాకు ఒక్కసారి అలాంటి మంచు మీద నిలబడాలనుంది. ఒక్కసారి... నా పేరున."

*

వార్డు ఆఫీసులో ముందు పదకొండు మంది ఉన్నారు. వంతు వచ్చేసరికి మూడున్నర.

గుమాస్తా యాభై దాటినవాడు. కిళ్ళీ బుగ్గన పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఇంటి లిస్టు చదివాడు. ఎదురుగా నిలబడ్డ పిల్లని చూశాడు. మళ్ళీ లిస్టు చూశాడు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు బర్మీసులో.

సుధామణి దారంతా ఆ వాక్యం కూర్చుకుంది. ఏ భాషలోనూ పదిహేడేళ్ళలో పైకి అనని వాక్యం.

"మా పెద్దమ్మాయి చనిపోయింది," అంది. "ఆ పేరు కొట్టెయ్యాలి. ఈ అమ్మాయి పేరు రాయాలి."

అనేసింది. గోడలు కూలలేదు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

గుమాస్తా నిట్టూర్చి కళ్ళజోడు తీశాడు. "ఎప్పుడు పోయింది?"

"నర్గీసప్పుడు."

అతను కాసేపు బల్ల మీది ముద్రల డబ్బా వైపు చూశాడు. ఆ ఏడు గురించి ఆ ఊళ్ళో ఎవరూ ఎక్కువ అడగరు.

"చూడండమ్మా. ఆ పేరు ఇవాళ కొట్టేయగలను. కానీ కొట్టేశానంటే ఆ పేరున ఉన్న పాస్‌పోర్టు పోతుంది. ఈ అమ్మాయిని కొత్తగా రాయాలంటే ఆసుపత్రి చీటీ కావాలి. ఉందా?"

"లేదు."

"అయితే పెద్దల సాక్ష్యం, టౌన్‌షిప్ ఆఫీసు, పైవాళ్ళ సంతకం. ఐదారు నెలలు. అందాకా ఈ పిల్ల ఏ లిస్టులోనూ ఉండదు. వీధిలో నిలబెట్టి ఎవరన్నా కార్డు అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు."

దేవి గట్టిగా ఊపిరి పీల్చడం సుధామణికి వినిపించింది. పన్నెండో తారీఖుకి ఇంక తొమ్మిది రోజులే ఉంది.

గుమాస్తా ముందుకి వంగాడు. గొంతు తగ్గించాడు. దుర్మార్గపు మనిషి గొంతు కాదది. ఇంట్లో ఆ ఈడు పిల్ల ఉన్న మనిషి గొంతు.

"ఇంకో దారుంది. పుట్టిన తేదీ దిద్దడం. పేరు అదే ఉంటుంది, పాస్‌పోర్టు ఉంటుంది. తేదీ మాత్రం పొరపాటున తప్పు రాయించామని తల్లి చెప్పాలి. పది నిమిషాల పని, ఇప్పుడే సీలు వేసి ఇస్తాను. మీరిందాక అన్నది నేను వినలేదు. మీ దగ్గర ఇంకే పాత చీటీ ఉన్నా నేను చూడలేదు."

ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. అచ్చు వేసిన ఫారం. మధ్యలో ఒక్క గీత ఖాళీ. సుధామణి చదివింది. *నాకు పుట్టిన సంతానం మొత్తం* అని ఉంది, తరవాత ఖాళీ. *అందులో పై పేరున ఈమె తప్ప వేరెవరూ లేరని, పుట్టలేదని ప్రమాణపూర్వకంగా తెలుపుతున్నాను.*

ఆమె ఆఖరి మాట మళ్ళీ చదివింది. పుట్టలేదని.

పోయిందని చెప్పడానికి వచ్చింది. రెండు రోజులు నోరు కట్టుకుని, దారంతా కూడగట్టుకుని వచ్చింది. పుట్టనేలేదని చెప్పమంటున్నారు.

"అమ్మా, ఏటి రాసుంది?" అంది దేవి తెలుగులో. మాట్లాడినంత బాగా ఆ పిల్లకి ఆఫీసు బర్మీసు చదవడం రాదు. దేవి వంగి, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చదివి, వేలు తీసేసింది. ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది.

"నోటితో కూడా అడిగి రాయాలి, నియమం," అన్నాడు గుమాస్తా. కలం మూత తీశాడు. "మీకు పుట్టిన పిల్లలెందరు?"

ఈ ప్రశ్న ఆమెని ఎంతోమంది అడిగారు. బజారులో, బస్సులో, మింగళ తౌంగ్‌న్యున్‌లో బంధువుల పెళ్ళిళ్ళలో. ఒక్కతే అని చెప్పేది. చెప్పిన ప్రతిసారీ లోపల ఇంకొకదాన్ని పేరు పెట్టి పిలిచి, ఏమీ అనుకోకమ్మా అనేది.

సుధామణి నోరు తెరిచింది.

"ఇద్దరు," అంది వెనక నుంచి దేవి, బర్మీసులో, గట్టిగా.

బెంచీ మీది జనం తలలు తిప్పారు. గుమాస్తా కలం గాలిలోనే ఆపి పట్టుకున్నాడు.

"నిన్ను కాదు పాపా. అమ్మని అడిగాను. ఆమె ఏది చెబితే అదే రాస్తాను."

గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. సుధామణి వెనక్కి తిరిగింది. దేవి తడి చెప్పులతో రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి నిలబడి ఉంది. గోలు ముందు నిలబడ్డట్టే. మొహానికి ఏ మాస్కూ లేదు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. అయినా రెప్ప వాల్చలేదు.

జాకెట్టులో చీటీ వానకి తడిసి, గుండెకి అంటుకుంది.

సుధామణి గుమాస్తా వైపు తిరిగింది. ఫారం తన వైపుకి లాక్కుంది.

"ఇద్దరని రాసుకోండి," అంది.